పసుపు జెండా

మా శంషాబాద్ కాలనీ మహిళామండలిలో మంగళవారం మధ్యాహ్నాలు వడియాల దగ్గర్నుంచి వరకట్నం దాకా చర్చకు రాని విషయం లేదు. అయినా కార్ల రేసు గురించి గంటన్నర సేపు పోట్లాడుకుంటామని నేనెన్నడూ అనుకోలేదు.

"హైదరాబాదులో మళ్ళీ రేసు పెట్టాలండీ. ఊరికి ఎంత పేరు!" అని ఒక వర్గం. "పేరెవరికి కావాలి? ఆ రేసులు చూసే మన కుర్రాళ్ళు పాడైపోతున్నారు" అని ఇంకో వర్గం. చివరికి నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను రెండు వర్గాలవాళ్ళదీ తప్పేనన్నాను. ఫలితంగా ఆ రోజు నా కాఫీ చల్లారిపోయాక నా చేతికొచ్చింది.

ఆ చల్లకాఫీ సాక్షిగా, అక్కడ సగంలో ఆగిన నా వాదన ఇక్కడ పూర్తిచేస్తాను. చదివాక మీరూ నాకు చల్లకాఫీయే ఇవ్వదలిస్తే మీ ఇష్టం.

"కార్ల రేసు గురించి నీకేం తెలుసు?" అనకండి. క్రికెట్ గురించి తెలిసే చూస్తున్నామా ఏం? మా అబ్బాయికి ఆ పిచ్చి చిన్నప్పట్నుంచీ ఉంది. 2005లో కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన నాడు వాడు బడికి వెళ్ళనని మొండికేశాడు. 2011 నుంచి 2013 దాకా ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో మూడేళ్ళు ఆ రేసు జరిగి ఆగిపోయింది. వాడు నీరుగారిపోయాడు. పదేళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరి 11న, మన హైదరాబాదుకే ప్రపంచ స్థాయి రేసు వచ్చింది. ఫార్ములా వన్ కాదు, ఫార్ములా ఇ. అంటే బ్యాటరీ కార్లు. హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ గార్డెన్స్, లుంబినీ పార్కు, కొత్త సచివాలయం చుట్టూ ఉన్న రోడ్లనే ట్రాకుగా మార్చారు. పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18, కార్లు 22. మా వాడు మూణ్ణెల్లు ముందునుంచే వీటిని ఎక్కాల్లాగా అప్పజెప్పేవాడు.

రేసు చూడటానికి వాడు వెళ్ళాడు. నేనూ మా ఆయనా ఇంట్లో టీవీ ముందు కూచున్నాం. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూద్దామని పళ్ళెం పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, సగం కాయలు తీయకుండానే ఉండిపోయాయి.

మొదట్లో అంతా అభాసే. 2022 నవంబరులో అదే దారిమీద దేశీయ రేసింగు లీగు పోటీలు పెట్టారు. ఆలస్యాల మీద ఆలస్యాలై, ఒక ప్రమాదమై, అసలు రేసులు నడవకుండానే ఆగిపోయాయి. డిసెంబరులో మళ్ళీ పెట్టుకోవలసి వచ్చింది. ఫిబ్రవరి 10, శుక్రవారం నాడు ప్రపంచ రేసుకి ప్రాక్టీసు. ఆ రోజున మామూలు జనం కార్లు ట్రాకు మీదికి వచ్చేశాయి! ఆఫీసు నుంచి ఇంటికి పోదామనుకున్నవాళ్ళు దారి తెలియక రేసుదారిలో తేలారు. ప్రాక్టీసు ఆలస్యమైంది. అది చూసి ఊరంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏడాది పొడుగునా రోడ్డుని రేసు ట్రాకు చేసుకున్నవాళ్ళకి, ఆ ఒక్కరోజు ట్రాకు రోడ్డులాగే కనిపించి ఉంటుంది. అందులో వాళ్ళ తప్పేముంది?

శనివారం పొద్దున ఇంకో ప్రాక్టీసు, తర్వాత ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫైయింగ్, మధ్యాహ్నం మూడింటికి అసలు రేసు. జాగ్వార్ జట్టు కుర్రాడు మిచ్ ఇవాన్స్ అందరికంటే ముందు నిలబడ్డాడు. అతని జట్టువాడే శామ్ బర్డ్ వెనకాల వస్తున్నాడు. ఒక మలుపు దగ్గర బర్డ్ తొందరపడి లోపలికి దూరబోయాడు. బ్రేకు లెక్క తప్పింది. నేరుగా పోయి ఇవాన్స్‌నే గుద్దాడు. ఇద్దరి రేసూ అక్కడితో సరి. ఒక ఇంటివాళ్ళే ఒకళ్ళనొకళ్ళు పడగొట్టుకుంటే బయటివాడికి పనేముంటుంది? ఉమ్మడి కుటుంబాల్లో కాపురం చేసిన మనకి ఇది ఎవరైనా చెప్పాలా?

గెలిచింది ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్. అతను ఎలా గెలిచాడో వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఈ బ్యాటరీ కార్ల రేసులో అందరికీ లెక్కగట్టి ఇంతే శక్తి ఇస్తారు. మొదట్లోనే ఖర్చు చేసేస్తే చివర్లో నడిరోడ్డు మీద నిలబడాలి. అందుకని మలుపు రాకముందే కాలు తీసి కారుని దాని ఊపుకి వదులుతారు. బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం అలా తిరిగొచ్చిందేనట. చివరి చుట్లలో వెర్న్ దగ్గర మిగిలింది, వెనకాల తరుముతున్న నిక్ కాసిడీ దగ్గరున్నదానికన్నా తక్కువ. ఆ ఉన్నదాంతోనే పొదుపుగా, కంగారు పడకుండా, తలుపు తెరవకుండా ముగింపు గీత దాకా నెట్టుకొచ్చాడు.

"ఇందులో గొప్పేముందండీ, నెలాఖరుకి గ్యాసు బండ అయిపోవచ్చినప్పుడు మేం చేసేదీ ఇదేగా!" అన్నాను మా ఆయనతో. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అసలు ముచ్చట ఇంకా ఉంది. మూడోవాడుగా గీత దాటినవాడు సెబాస్టియన్ బ్యూమీ. అనుభవమున్నవాడు, పేరున్నవాడు. రేసు అయ్యాక లెక్కలు చూశారు. నియమం ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ శక్తి వాడాడని తేలింది. అతని సమయానికి 17 సెకన్లు కలిపారు. అంతే, మూడో స్థానం నుంచి పాయింట్లే రాని వరసలోకి జారిపోయాడు. మూడో బహుమతి ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకి పోయింది. ఎక్కువ వాడింది కంటికి కనబడేంత కాదు. చూసేవాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు. అయినా లెక్క లెక్కే. "మా మేనమామ ఫలానా శాఖలో ఉన్నాడు, ఒకసారి ఫోన్ కలపమంటారా?" అని బ్యూమీ అనలేదు.

ఇప్పుడు చెప్పండి, రేసు చూసి పిల్లలు పాడైపోతారా? రేసు పూర్తిగా చూస్తే బాగుపడాలి! ఆ కుర్రాళ్ళు ఒంటికి నిప్పంటని బట్టలు, తలకి హెల్మెట్, రొమ్ముకి అడ్డంగా పటకాలు, ఇన్ని కట్టుకుంటేగానీ కారు కదల్చరు. ఒక కారు దారిలో ఆగితే చాలు, పసుపు జెండా ఊపుతారు. పసుపు జెండా అంటే ముందు ప్రమాదముంది, వేగం తగ్గించు, ఎవర్నీ దాటకు అని. ఎంత మొనగాడైనా ఆ జెండా చూస్తే తగ్గవలసిందే. మరీ అవసరమైతే ఒక రక్షణ కారు ట్రాకు మీదికొస్తుంది. అంత వేగంగా పోగల బళ్ళన్నీ దాని వెనకాల బుద్ధిగా పెళ్ళి ఊరేగింపులాగా నడుస్తాయి. మన పిల్లలు ఇందులోంచి నేర్చుకున్నది ఒక్క వేగమే. ఆ మిగతాదంతా ఎవరు వదిలేశారు? వాళ్ళా, మనమా?

నేను ఈ మాట ఊరికే అనటంలేదు. నేనూ వదిలేసినదాన్నే.

శంషాబాద్ గురించి మీకు తెలిసే ఉంటుంది. ఒకప్పుడు బెంగుళూరు రోడ్డు మీద ఓ చిన్న ఊరు, చుట్టూ ద్రాక్షతోటలు. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. అదే ఏడాది గచ్చిబౌలి వైపు నుంచి అవుటర్ రింగురోడ్డు మా దాకా వచ్చింది. మరుసటేడు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే. అన్ని దార్లూ మా ఊరికే, అందరికీ తొందరే. మేమిక్కడ ఇల్లు కట్టుకున్నాక మా బంధువర్గంలో అమెరికా వెళ్ళేవాళ్ళందరికీ మా ఇల్లే చివరి మజిలీ. ఆవకాయ జాడీలు తూకం వేసేది మా హాల్లోనే. వాళ్ళని దింపటానికి మూడేసి కార్లలో వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ చెప్పుకునే మొదటి మాట ఒక్కటే: "కూకట్‌పల్లిలో బయల్దేరి ముప్పై అయిదు నిమిషాల్లో ఇక్కడున్నాం!" దానికి నేను నోరంతా తెరిచి, "అబ్బో!" అనేదాన్ని. ఆ "అబ్బో"కి ఎంత ఖరీదో నాకు అప్పటికి తెలియదు.

2024 జనవరి. రెండో ఏటి రేసు ఫిబ్రవరి 10న అనుకున్నది రద్దయిందని జనవరి 5న ప్రకటన వచ్చింది. అంతకు నెలరోజుల కిందటే ప్రభుత్వం మారింది. రేసు కోసం డబ్బు ఎలా చెల్లించారన్నది తర్వాత కేసయి కోర్టు మెట్లెక్కింది. ఆ తగవు నాకొద్దు, కోర్టులున్నాయి. మా అబ్బాయి మాత్రం ఇంట్లో చావు జరిగినట్టు మొహం వేలాడేసుకుని తిరిగాడు. ఆ వారంలోనే మా అమ్మాయి తిరుగు ప్రయాణం.

విమానాశ్రయం పక్కనే ఇల్లున్నవాళ్ళకి ఒక జబ్బుంటుంది. "ఎంతసేపు, పావుగంట!" అని చివరిదాకా ఇల్లు కదలరు. మేమూ కదల్లేదు. తీరా బయల్దేరి సగం దూరం పోయాక, పాస్‌పోర్టు టేబుల్ మీదే ఉండిపోయిందని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి, ఇంటికొచ్చి, మళ్ళీ బయల్దేరేసరికి అమ్మాయి ఏడుపు మొహం, మా ఆయన గడియారం, వెనక సీట్లోంచి నేను. "పోనీరా, ఇంకాస్త పోనీ. నీ రేసు ఇవాళ చూపించు!" అన్నాను. అక్షరాలా అవే మాటలు. ఆ మాటలు అన్నది నేను.

అప్పటికింకా సరిగ్గా తెల్లారలేదు. హైవే పక్క దారిలో, నెత్తిన ఆకుకూరల గంపతో ఒకావిడ సిటీ బస్సు కోసం రోడ్డు దాటుతోంది. అక్కడ దాటటానికి వేరే దారి లేదు. చారల గీతలు లేవు, దీపం లేదు. మా వాడు బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడు. కారు కీచుమని పక్కకి తిరిగింది. అద్దం గంపకి తగిలింది. ఆవిడ పడిపోయింది. గోంగూర కట్టలు, పాలకూర, కొత్తిమీర రోడ్డంతా పరుచుకున్నాయి. మా అమ్మాయి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

దేవుడు చల్లగా చూశాడు. మణికట్టు బెణికింది, మోచెయ్యి గీసుకుపోయింది. అంతకన్నా ఏమీ కాలేదు. నేను పక్కన కూలబడి, నోట మాట రాక, "విమానం... టైమైపోతోందని..." అని ఏదో సంజాయిషీ చెప్పబోయాను. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని నాకేసి చూసింది.

"ఇమానం ఆగదు, నిజమే బిడ్డా. కారైతె ఆగుతది గద?" అంది.

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంత బతుకూ బతికి, ఇన్ని పుస్తకాలూ చదివి, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది.

అబ్బాయీ నేనూ ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వెనకాల వస్తున్న ఒక క్యాబ్ ఆపి అమ్మాయినీ వాళ్ళ నాన్ననీ ఎక్కించాం. ఆ క్యాబ్ డ్రైవరు దారిపొడుగునా నలభై దాటలేదట. విన్నారా? నలభై దాటలేదు, విమానం అందింది! మేం ఏ పది నిమిషాల కోసం ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చామో, ఆ పది నిమిషాలు అసలు ఎవరికీ అక్కర్లేకపోయాయి.

2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. ప్రభుత్వం అచ్చేసిన లెక్కే ఇది. ఆ అంకెలో మా కూరలావిడ చేరలేదంటే అది మా గొప్ప కాదు, ఆవిడ అదృష్టం.

ఇప్పుడు నా తీర్పు వినండి.

ఊరికి పేరొస్తుందనే అక్కయ్యలారా! పేరు రావాలంటే ముందు ఊళ్ళో మనిషి రోడ్డు దాటగలగాలి. ఆ రేసుకోసం రోడ్డు నున్నగా వేశారు. దారికి రెండు పక్కలా సిమెంటు గోడలు, వాటిమీద ఇనుప కంచెలు నిలబెట్టారు. ప్రతి మలుపుకీ కాపలా మనుషుల్ని పెట్టారు. చేతకాక కాదన్నమాట! 22 కార్లలో కూచున్న 22 మంది ప్రాణాలకి అంత ఏర్పాటు చేయగలిగినప్పుడు, గంప నెత్తిన పెట్టుకున్న మనిషికి ఒక కాలివంతెన, ఒక దీపం, నాలుగు తెల్లగీతలు ఎందుకు పెట్టలేరు? రేసు ఉన్న వారం సాగర్ చుట్టూ దార్లు మూసేస్తే ఊరంతా చుట్టు తిరిగింది. మా రోడ్డు మాకుండనివ్వండి. రేసుకి వేరే ట్రాకు కట్టండి. కడితే మొదటి టికెట్టు నేనే కొంటాను, చిక్కుడుకాయల పళ్ళెం ఇంట్లో వదిలి మరీ వస్తాను.

పిల్లలు పాడైపోతున్నారనే చెల్లెళ్ళారా! పిల్లవాడికి బండి తాళాలిచ్చింది రేసువాళ్ళు కాదు. పదో తరగతి పాసయ్యాడని మోటారు సైకిలు బహుమతిగా కొనిచ్చేది ఎవరు? అవుటర్ రింగురోడ్డు మీద రెండు చక్రాల బళ్ళకి ప్రవేశం లేదని తెలిసీ, "మావాడు రాత్రి ఫ్రెండ్సుతో ఓ రౌండు కొట్టొచ్చాడు" అని మురిసేది ఎవరు? 2019లో చట్టం సవరించి, పద్ధెనిమిదేళ్ళు నిండనివాడు బండి నడిపి తప్పుచేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని రాశారు. చట్టానికి కూడా తెలిసింది తప్పెవరిదో. మనకే ఇంకా తెలియలేదు.

"ఆడవాళ్ళం, కారులో వెనక సీట్లో కూచునేవాళ్ళం, మనమేం చేస్తాం?" అంటారేమో. చెయ్యగలిగింది మనమే. రేసులో జెండా ఊపేవాడు కారు నడపడు. పక్కన నిలబడి చూస్తుంటాడు. అయినా వాడి చెయ్యి లేస్తే అందరూ తగ్గుతారు. మన ఇళ్ళల్లో ఆ పక్కన నిలబడి చూసేవాళ్ళం మనమే కదా! "ఏమిట్రా, ఎందుకింత తొందర?" అని ఒక్కమాట. "బెల్టు పెట్టుకునేదాకా నేను కారెక్కను" అని ఒక్క మొండితనం. బండి మీద ఉన్నాడని తెలిస్తే ఫోన్ చెయ్యకపోవటం. పోలీసులు పట్టుకుంటే "మీ పెదనాన్నకి చెప్తానుండు" అనకుండా, జరిమానా వాడి చేతనే కట్టించటం. ముప్పై అయిదు నిమిషాల్లో వచ్చామన్నవాళ్ళకి "అబ్బో" అనకుండా, "దారిలో ఎంతమందిని భయపెట్టారు?" అని అడగటం. ఇవి ఏ ప్రభుత్వం ఇచ్చే వరాలూ కావు, ఏ కేసూ అడ్డం రాదు.

అంతా విని మా మండలి కార్యదర్శిగారు, "అయితే మీరు రేసుకి అనుకూలమా, వ్యతిరేకమా? ఒక్కమాటలో తేల్చండి" అన్నారు. రేసు ట్రాకు మీద ఉన్నంతసేపూ అనుకూలం, మా వీధిలోకి వస్తే వ్యతిరేకం అన్నాను. అది ఒక్కమాట కాదన్నారు. అందుకే కాఫీ ఆలస్యమైంది.

కూరలావిడ ఇప్పుడు వారానికి రెండుసార్లు మా ఇంటికి వస్తుంది. గోంగూర ఆవిడ దగ్గరే కొంటాను. బేరమాడబోతే నోరు రాదు. ఆవిడకది తెలిసి, తనే ఒక కట్ట ఎక్కువేస్తుంది. బస్సు కోసం రోజూ అక్కడే రోడ్డు దాటుతోంది. ఆ చోట ఇంకా గీతలు పడలేదు. మా మండలి తరఫున రెండు అర్జీలు పెట్టాం, మూడోది ఈ వారం పెడతాం.

మా ఇంట్లో మాత్రం ఒక పని చేశాను. కారు తాళాలు తగిలించే మేకుకి, పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డపీలిక ఒకటి కట్టాను. "ఏమిటమ్మా, ముడుపా?" అని మా వాడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు. తాళం తీసుకునేటప్పుడల్లా వాడి చేతికి అది తగుల్తుంది.